రుచి చూస్తే తిన్నట్టు కాదు

"వెరుం వయిరా, మేడం?" అని అడిగాడు ల్యాబ్ అబ్బాయి. పరగడుపున వచ్చారా అని.

"ఆమా," అంది కల్యాణసుందరి, కుర్చీ చేతిమీద చెయ్యి చాపి. చాపడంలో కూడా ఒక దర్జా. కోయంబత్తూరు పీలమేడులో మూడు తరాల మిఠాయి అంగడి వాళ్ళ అమ్మాయి మరి!

అతను మోచేతి పైన రబ్బరు పట్టీ కట్టబోయి ఆగిపోయాడు. ఒకసారి గాలి పీల్చాడు. నెయ్యి, ఏలకులు. ఇంకాస్త వంగి చూస్తే ఆమె గాజుల మధ్య పసుప్పచ్చని పొడి.

"ఇదేంటి మేడం?"

"మైసూర్ పాక్."

"తిన్నారా?"

"లేదు. రుచి చూశా."

"రుచి చూడడమంటే తినడమే కదా?"

"మీ ఇంట్లో కావచ్చు!"

ఈ సంవాదమంతా తమిళంలో జరిగింది. సుందరి అన్నదాంట్లో అబద్ధం పిసరంత లేదు. వాళ్ళ ఇంట్లో రుచి చూడడం తినడం కిందికి రాదు. పొయ్యి మీంచి వాయి దిగగానే మొదటి ముక్క సామికి, రెండో ముక్క నాలుకకు. ఆ నాలుక సరే అంటేనే సరుకు అద్దాల బీరువాలోకి వెళ్తుంది. పురట్టాసి నెలలో శనివారం ఇంటిల్లిపాదీ ఒక్కపొద్దు ఉన్నా, రుచి చూసే మనిషికి మాత్రం ఒక్కపొద్దు చెడదు. 'నాలుకకు తగిలింది కడుపుకు తగలదు' అని అవ్వ తీర్పు. అమ్మ పోయాక సుందరిని పెంచింది ఆ అవ్వే కాబట్టి, తీర్పుకు అప్పీలు లేదు. ముందు తాత నాలుక, తర్వాత నాయన నాలుక, ఇప్పుడు సుందరి నాలుక. లడ్డు, జాంగ్రి, అదిరసం, మిక్స్చర్ అన్నీ రోజూ ఆ నాలుక మీదుగానే ఊళ్ళోకి వెళ్తాయి. ఇన్నేళ్ళలో వాటిని తిండి అనుకున్నవాళ్ళు ఎవరూ లేరు. సుందరి అసలే అనుకోలేదు.

అంతలో ఫోన్ మోగింది. సుందరి రెండో చేత్తో ఎత్తి, ఇంటి తెలుగులో మొదలుపెట్టింది.

"ఆ, అవ్వా. ఇంకా రత్తం తీయలే. ఈడ ఒగాయన ఉండాడు, ఇడ్లీ మాదిరి మొగమూ ఆయనా! పోలీసు మాదిరి అది తిన్నావా ఇది తిన్నావా అని పానం తీస్తా ఉండాడు."

"ఇడ్లీ మాదిరి అని మా అమ్మ కూడా అంటుందిలెండి," అన్నాడు ల్యాబ్ అబ్బాయి, అచ్చం అదే తెలుగులో, సూది పక్కన పెట్టేస్తూ. "రేపు రాండి. ఈ తడవ దేన్నీ నాకకుండా రాండి."

సుందరి చేతిలో ఫోన్ జారి ఒళ్ళో పడింది. అవ్వ అందులోంచి "ఏమాయె కణ్ణు? ఏమాయె?" అని అరుస్తూనే ఉంది.

"మీరు... మనోళ్ళా?"

"మాది చిన్నమనూరు. పేరు విమల్. ఇంగ మీద ఎవర్నయినా తిట్టేటప్పుడు ఊరు అడిగి తిట్టండి."

చెప్పొద్దూ, సుందరికి ఒళ్ళు మండింది. కానీ వీధిలోకి వచ్చాక, సారల్ తుంపర మొహాన పడ్డాక, ఎందుకో నవ్వు కూడా వచ్చింది. నిజంగానే ఇడ్లీ మొహం. వేడి ఇడ్లీ.

*

మర్నాడు పొద్దున సుందరి నోరు కుట్టేసుకున్నట్టు మూసుకుంది. మైసూర్ పాక్ పళ్ళెంతో ఎదురొచ్చిన వంట మాస్టర్ పెరుమాళ్సామి అయోమయంగా నిలబడ్డాడు.

"పాకం చూడకుండా ఎట్ల పాపా?"

"ఈ ఒక్క దినం నువ్వే చూసుకో మాస్టర్."

ల్యాబ్‌కి వెళ్ళి రక్తం ఇచ్చింది. విమల్ ఆమె గాజులు పరీక్షగా చూసి, "శభాష్," అని మాత్రం అన్నాడు. ఆమె అనుకున్నదానికంటే ముందే అంగడికి తిరిగి వచ్చింది. వంటగది గుమ్మంలో అడుగుపెట్టి అక్కడే ఆగిపోయింది.

పొయ్యి దగ్గర ఆమె నాయన లక్ష్మణన్ నిలబడి ఉన్నాడు. కిందటేడు షుగర్ ముదిరి ఎడమకాలి బొటనవేలు తీసేశారాయనకి. చక్కెర పలుకు కూడా తగలకూడదని డాక్టర్ కొట్టినట్టు చెప్పాడు. అలాంటి మనిషి బుగ్గ ఉబ్బి ఉంది. వేళ్ళకు నెయ్యి.

"నాయనా!"

"తినలే కణ్ణు," అన్నాడాయన గబగబా నమిలి మింగేసి, తప్పు చేసిన పిల్లాడిలా. "రుచి చూస్తి, అంతే. చూడకుండా సరుకు బయటికి పంపేదెట్ల?"

నిన్న ల్యాబ్‌లో తను అన్న మాటే అది. భాష ఒక్కటే తేడా.

సాయంత్రం రిపోర్ట్ వచ్చింది. ట్రైగ్లిజరైడ్స్ మున్నూట పద్దెనిమిది; నూటయాభై దాటకూడదట. హెచ్‌బీఏ1సీ ఆరు పాయింట్ మూడు. ఐదు పాయింట్ ఏడు లోపల ఉండాలట. కాగితంలో ఎర్ర గుర్తులే గుర్తులు.

"మీ మెషిన్ చెడిపోయిండాది," అంది సుందరి కౌంటర్ దగ్గర నిలబడి, తడుముకోకుండా.

"పొద్దున్నించి అందరికీ అదే మెషిన్. చెడిపోయింటే ఊరంతటికీ చెడిపోవాల కదా."

"అయితే ఎవరిదో రత్తం నాదాంట్లో కలిపేస్తిరి."

"కలపలేదండి. మీ గొట్టం మీద పేరు నేనే రాస్తి. కల్యాణసుందరి అని పూర్తిగా రాసేదానికి చోటు చాలక రెండు వరసలు రాస్తి." అతను గొంతు తగ్గించాడు. "భయపడొద్దు. ఇది ఇంగా షుగర్ కాదు. షుగర్ వీధి మలుపులో నిలబడి మీ ఇల్లు ఏదని అడుగుతా ఉండాది, అంతే. డాక్టర్ను చూడండి."

నాయనను చూసే డాక్టరే కూతురి రిపోర్టూ చూశాడు. ఆ ఆరు పాయింట్ మూడు అనేది మూడు నెలల చక్కెర లెక్క అన్నాడు. తిండి మార్చు, నడువు, మూడు నెలల తర్వాత మళ్ళీ టెస్ట్ చేద్దాం, అప్పటికీ దిగకపోతే మాత్రలు. "ముందు ఆ అంగడి తీపి మానెయ్యమ్మా," అని చేతులు దులుపుకున్నాడు.

ఎంత సులువుగా అనేశాడు! తను మానేస్తే మర్నాడు పొయ్యి దగ్గర నిలబడేది ఎవరో సుందరికి తెలుసు. పోయింది ఒక వేలు. ఈసారి పోయేది పాదమే. మానకపోతే నాయన నడిచిన దారిలోనే తనూ నడవాలి. ఇటు నుయ్యి అటు గొయ్యి అంటే ఇదే మరి.

కానీ సుందరి కూర్చుని ఏడ్చే రకం కాదు. నేరుగా ల్యాబ్‌కే వెళ్ళింది.

"చూడండి. నేను మానకూడదు, తినకూడదు. రెండూ కావాల. దారి చెప్పండి."

విమల్ నవ్వలేదు. "రుచి సంగతి తరువాత. మిగిలిన దినమంతా ఏమి తింటారు?"

సుందరి చెప్పింది. పొద్దున రుచుల తర్వాత ఆకలి ఉండదు కాబట్టి టిఫిన్ లేదు. మధ్యాహ్నం ఆకలి దంచేస్తుంది కాబట్టి అన్నం కుప్ప, ఉర్లగడ్డ వేపుడు. సాయంత్రం పక్క బేకరీ పఫ్, టీ. రాత్రి మళ్ళీ అన్నం. పగలంతా కల్లాపెట్టె ముందు కుర్చీలో.

"అట్లయితే మైసూర్ పాక్‌కు ఎందుకు పూర్తి నింద? దానికి తోడు శానామంది ఉండారే!"

ఆ మాటకి సుందరి నవ్వింది. నింద పంచుకునేవాళ్ళు దొరికితే ఎవరికైనా బరువు తగ్గుతుంది కదా.

*

ఒకసారి అనుకుందంటే సుందరి ఆగదు. మర్నాటి నుంచి మధ్యాహ్నం అన్నం సగానికి సగం తగ్గి, కీర, పప్పు, కోడిగుడ్డు కంచంలోకి వచ్చాయి. రాత్రికి రాగి దోసె. బేకరీ టీకి బదులు కొళ్ళు రసం. కొళ్ళు అంటే ఉలవలే; ఆ ఊళ్ళో చలికాలం పొగలు కక్కే మందు. మిఠాయి చేసే చెయ్యి కదా, మిరియం జీలకర్ర దంచి వేసి ఆ రసాన్ని ఎంత కమ్మగా కాచిందంటే, పక్క బేకరీ ఆయనే గ్లాసు పట్టుకుని రావడం మొదలుపెట్టాడు. నోరు తీపి అడిగినప్పుడు ఒక నెల్లికాయ, అంటే ఉసిరికాయ, కొరికేది. తీపి అంతా పొద్దుటి రుచితోనే సరి.

సాయంత్రాలు సింగానల్లూరు చెరువుగట్టు మీద నడక. మొదటి రోజు గట్టు సగం కూడా దాటకుండానే ఆయాసం. రెండో వారానికి చివరిదాకా వెళ్ళి చివర్న నిలబడి ఫోన్ చేసేది.

"వచ్చేస్తిని. గట్టు కడాకు వచ్చేస్తిని."

"తిరిగి కూడా రావాల కదా?" అనేవాడు విమల్.

"వస్తా. నువ్వు పెట్టెయ్."

మీరు ఎప్పుడు నువ్వు అయిందో ఇద్దరూ గమనించలేదు.

శుక్రవారాలు మరుదమలై కొండ గుడి మెట్లు. కొండకు అంటే అవ్వ అడ్డు చెప్పదు, మురుగన్ మొక్కు అనుకుంది. విమల్‌కి కూడా సరిగ్గా శుక్రవారమే భక్తి పొంగడం మొదలైంది. ఎంతటి భక్తుడంటే, దిగి రాగానే కొండ కింద బండి దగ్గర మిరపకాయ బజ్జీలు నిలబడి తినేవాడు.

"నాకు కొళ్ళు రసం, నీకు బజ్జీయా? ఇదేమి నాయం?"

"నా రిపోర్ట్ ఎవరూ అడగలేదే!"

ఒక శుక్రవారం మెట్ల సగంలో వాన పట్టుకుంది. ఇద్దరూ రాతి మండపం కిందికి పరిగెత్తారు. నిలబడేంత చోటే ఉంది. ఆమె జడ కొసనుంచి నీళ్ళు అతని చెప్పుల మీద పడుతున్నాయి. అతను కాలు తియ్యలేదు.

"అంతా బాగానే ఉండాది," అంది సుందరి వానను చూస్తూ. "చుడీదార్లు వదులైనాయి. ఆయాసం పోయె. కానీ ఆ పొద్దుటి రుచులు ఉండాయే, అవే దిగులు. మానేదానికి లేదు. మానితే నాయన..." మాట ఆగిపోయింది. అతనికి తెలుసు కాబట్టి పూర్తి చెయ్యనక్కర్లేదు.

విమల్ మొహం మీది వాన తుడుచుకుని అన్నాడు. "మా కృష్ణన్ మామ కూనూర్లో తేయాకు ఫ్యాక్టరీలో ఉండాడు. టీ టేస్టర్. పొద్దున్నించి సాయంత్రం దాకా కప్పు తరువాత కప్పు. అదంతా తాగితే మనిషి మిగలడు."

"మరి?"

"జుర్రుమని పీల్చి, నాలుక మీద తిప్పి, ఉమ్మేస్తాడు. రుచి అంతా నాలుకలోనే కదా ఉండేది! మింగేది ఎందుకు?"

సుందరి అతని వైపు గిరుక్కున తిరిగింది. కళ్ళు ఎర్రబడ్డాయి.

"ఉమ్మేదా? సామికి పెట్టిన వాయిలోది నోట్లో వేసుకుని ఉమ్మేదా? మా ఇంట్లో పొయ్యి దగ్గర తుమ్మినా అవ్వ తల కడిగిస్తుంది! ఉమ్మితే లక్ష్మి లేచిపోతుంది. ఏమనుకుంటివి మమ్మల్ని?"

"నేను నీ పానం గురించి చెప్తి సుందరీ, లక్ష్మి గురించి కాదు."

అతను మామూలుగానే అన్నాడు. కానీ 'నీ పానం' అన్నప్పుడు గొంతు కొంచెం తడబడింది. సుందరి ఆ తడబాటు విన్నది. విననట్టు వానలోకే దిగి నాలుగు మెట్లు వెళ్ళిపోయింది. ఐదో మెట్టు మీద ఆగి, "వస్తా ఉండావా లేదా?" అని కసిరింది.

*

రెండు రోజులు కోపం. మూడో రోజు ఆలోచన. నాలుగో పొద్దున, వాయి దిగాక, సుందరి మైసూర్ పాక్ ముక్కతో వెనకింటి వాకిట్లోకి వెళ్ళింది. రెండో చేతిలో ఎవర్సిల్వర్ స్టీలు చెంబు. ముక్కను నాలుక మీద పెట్టుకుని, కళ్ళు మూసుకుని కరగనిచ్చింది. నెయ్యి సరి. పాకం ఒక్క పొంగు ఎక్కువ. 'అమ్మా లక్ష్మీ, మన్నించు తల్లీ' అని మనసులో దండం పెట్టుకుని చెంబులోకి ఉమ్మేసింది. నోరు పుక్కిలించింది. పిడుగేమీ పడలేదు.

వింత ఏమిటంటే, కడుపు బరువు లేకపోయేసరికి చివరి వాయి రుచి కూడా మొదటి వాయంత స్పష్టంగా తెలిసింది. "ఈ జాంగ్రిలో ఉద్దిపప్పు కొంచెం పాతది మాస్టర్," అంటే పెరుమాళ్సామి నోరు తెరిచాడు.

విమల్‌కి మెసేజ్ పెట్టింది: 'మీ మామకు ఒక వణక్కం చెప్పు.'

అలా గుట్టుగా వారాలు గడిచాయి. అవ్వ చూపే తేడాగా కనిపించసాగింది. పిండి డబ్బా ఎత్తబోతే, "వొద్దు, వొద్దు, బరువులు ఎత్తొద్దు," అని లాక్కునేది. దీపం ముందు నిలబడి ముక్కు చీదేది. ఒకరోజు నెల్లికాయ కొరుకుతున్న సుందరిని చూసి, "అయ్యో సామీ," అని తల పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. వయసైంది పాపం, అనుకుంది సుందరి.

దీపావళికి ఇంకా పది పన్నెండు రోజులుందనగా, ఒక పొద్దున ఆమె వాకిట్లోంచి చెంబుతో వస్తుంటే అంగడి లోపలి గదిలో విమల్ గొంతు వినిపించింది. ఈ వేళప్పుడు ఇతనికి ఇక్కడేం పని? తలుపు చాటున ఆగింది.

"కూచో," అంటోంది అవ్వ. "మనోళ్ళ బిడ్డవని విన్నాను. అందుకే మాస్టర్ను పంపి పిలిపిస్తి. తిట్టను, కొట్టను. ఒక్కటే అడుగుతా. తాళి ఎప్పుడు కడతావు?"

తలుపు చాటున సుందరి చెంబును రెండు చేతులతో పట్టుకుంది.

"అవ్వా... నేను ఇంగా ఆమెకే చెప్పలేదుంగ," అన్నాడు విమల్, మర్యాదకు మాట చివర ఆ ఊరి 'ంగ' చేర్చి.

"ఇంగ చెప్పేది ఏముండాది? జరిగేది జరిగిపోయె. నీకు ఇష్టముండాదా లేదా?"

"ఉండాదుంగ," అన్నాడు విమల్. ఈసారి గొంతు తడబడలేదు. "శానా ఉండాది. ఇడ్లీ మొగం అని తిట్టిన దినం నుంచే ఉండాది. ఆమె సరే అంటే రేపే కడతా. ఆమెకుందో లేదో నాకు తెలీదు."

"ఇష్టం లేకుండానా ఇంత దూరం వచ్చె!"

"మరుదమలై దాకానే కదా అవ్వా వస్తిమి?"

సుందరి ఇంక ఆగలేక తలుపు నెట్టింది. "అవ్వా! ఏమిది? ఏమి అడుగుతా ఉండావు ఆయన్ని?"

అవ్వ కళ్ళలో నీళ్ళు బొటబొటా కారాయి. "నన్ను అడుగుతావా? దినమూ పొద్దున వెనకింట్లోకి పోయి కక్కుతా ఉంటివి. తీపి చూస్తే మొగం తిప్పుతా ఉంటివి. పుల్లకాయలు కొరుకుతా ఉంటివి. రత్తం టెస్టు అంటివి, మూడు నెలలు అని ఫోన్లో ఈయనతో గుసగుసలాడితివి. నేను ముగ్గుర్ని కన్నదాన్ని పాపా! నాకు తెలీదా?"

కల్లాపెట్టె దగ్గర నుంచి నాయన లేచి వచ్చి గుమ్మం పట్టుకున్నాడు. పెరుమాళ్సామి జల్లిగరిట గాల్లోనే ఉంది. విమల్ ఇడ్లీ మొహం కాస్తా బీట్‌రూట్ అయింది.

సుందరి ఒక్క క్షణం నమ్మలేనట్టు అందర్నీ చూసింది. తర్వాత నవ్వు మొదలైంది. ఆగలేదు. పొట్ట పట్టుకుని శనగపిండి మూట మీద కూలబడి, కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"కక్కలేదు అవ్వా," అంది చివరికి. "ఉమ్మితిని."

ఆ ఇంట్లో అదేం చిన్న నేరం కాదు. పెరుమాళ్సామి గరిట కిందికి దిగింది. "సామికి పెట్టిన వాయినా పాపా?"

"అవును మాస్టర్. రుచి చూసి ఉమ్మితిని. దినమూ." సుందరి లేచి నిలబడింది. ఇప్పుడు నవ్వు లేదు. నాయన వైపు తిరిగింది. "నా రత్తంలో చక్కెర ఎక్కింది నాయనా. మింగితే నేను నీ మాదిరి అవుతా. మానితే నువ్వు పొయ్యి దగ్గర నిలబడతావు. ఆ పొద్దు చూస్తిని నిన్ను, బుగ్గలో మైసూర్ పాక్ పెట్టుకుని 'తినలే, రుచి చూస్తి' అంటివే. రుచి చూసిందంతా తినిందే నాయనా! మనం ఇన్నేళ్ళూ తింటానే ఉంటిమి. నీ వేలు పోయింది అందుకే. నాకు నీ కాలు కావాల. లక్ష్మి కోపం చేసుకుంటే చేసుకోనీ, నేను చూసుకుంటా."

లక్ష్మణన్ తల వంచుకున్నాడు. పైకి ఎత్తినప్పుడు ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "ఇంగ ముట్టనురా కణ్ణు," అన్నాడు మెల్లగా. "నీ మీద ఒట్టు."

అందరూ అవ్వ వైపు చూశారు. తీర్పు చెప్పాల్సింది ఆవిడే. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని లోపలికి వెళ్ళింది. అటక మీద ఏవో గిన్నెలు దొర్లిన చప్పుడు. తిరిగి వచ్చినప్పుడు చేతిలో పాత ఇత్తడి పడిగ, తాత తాంబూలం ఉమ్మినది.

"మీ తాత దినమంతా వక్కాకు నములుతా, దీంట్లో ఉమ్ముతా, ఆ కల్లాపెట్టె పక్కనే కూచునె. లక్ష్మి యాడికీ పోలే. ఆయన ఉండినప్పుడే ఈ మేడ కట్టిరి." అవ్వ పడిగను సుందరి చేతుల్లో పెట్టింది. "మొదటి ముక్క సామికి, రెండోది నాలుకకు అని కదా మా అత్త చెప్పింది. మింగమని ఎవరు చెప్పిరి? ఉమ్ముకో కణ్ణు. బాగా ఉమ్ముకో! అమ్మయ్య, ఉమ్మే కదా... నేను ఏమేమో అనుకుని సగం చస్తిని."

విమల్ మెల్లగా లేచి చెప్పులు వెతుక్కున్నాడు.

"ఏయ్, కూచో," అంది అవ్వ. "బిడ్డ సంగతి లేదు, సరి. తాళి సంగతి ఉండాది కదా?"

"అది ఆమె చెప్పాల అవ్వా."

సుందరి పడిగను ఒళ్ళో పెట్టుకుని అతన్ని తేరిపార చూసింది. మెట్ల మీద తడిసిన రోజు కూడా అంత నింపాదిగా చూడలేదు.

"రిపోర్ట్ వచ్చినాక చెప్తా," అంది.

*

దీపావళికి నాలుగు రోజుల ముందు, ల్యాబ్‌లో అదే కుర్చీ. "వెరుం వయిరా మేడం?" అని అడగడం వరకు విమల్‌కి బాగానే వచ్చింది. సూది పట్టుకున్నాక మాత్రం చూపు నరం మీద నిలవకుండా ఆమె మొహం మీదికి పోయింది. పక్క టేబుల్ దగ్గరున్న సీనియర్ జెబమలర్ అక్క నవ్వాపుకుంటూ వచ్చి సూది లాక్కుంది.

"నువ్వు పో తంబీ. నరం బదులు మనసులో గుచ్చేస్తావు."

రక్తం తీశాక సుందరి లేవలేదు, జెబమలర్ వైపు తిరిగింది. "అక్కా, ఈయనకు కూడా తీయండి. నా రత్తం గుట్టంతా ఈయనకు తెలుసు. ఈయనది నాకు తెలీదే! ఇదేమి నాయం?"

ఊళ్ళోవాళ్ళందరి రక్తం తీసే విమల్, తన రక్తం ఒక్కసారి కూడా పరీక్ష చేసుకోలేదు. తప్పించుకునే దారి లేక కుర్చీలో కూర్చుని, సూది చూసి కళ్ళు మూసుకున్నాడు.

సాయంత్రం అతను అంగడికి వచ్చేసరికి పండగ రద్దీ. వాన చినుకుల్లో గొడుగులతో జనం. చేతిలో రెండు కవర్లు. ఒకటి సుందరికి ఇచ్చాడు, రెండోది వీపు వెనక దాచుకున్నాడు.

"ట్రైగ్లిజరైడ్స్ నూటనలభై రెండు," అని చదివింది సుందరి గట్టిగా, అంగడి మొత్తం వినేలా. "హెచ్‌బీఏ1సీ ఐదు పాయింట్ ఆరు! నాయనా! అవ్వా! ఎర్ర గుర్తు ఒక్కటి కూడా లేదు!"

చుట్టూ కొనేవాళ్ళు ఉన్నా నాయన కల్లాపెట్టె వదిలి వచ్చి కూతురి తల మీద చెయ్యి పెట్టి, అలాగే కాసేపు నిలబడ్డాడు.

"అది ఇయ్యి," అంది సుందరి, విమల్ వీపు వెనక్కి చెయ్యి చాపి.

"అది తరువాత..."

"ఇయ్యి."

ఇచ్చాడు. సుందరి విప్పి, కనుబొమలు ఎగరేసి, డాక్టరులా గొంతు సవరించుకుంది. "ట్రైగ్లిజరైడ్స్ రెండునూర్ల తొంబై. బజ్జీ, పరోటా, మళ్ళీ బజ్జీ. మీ మెషిన్ చెడిపోయిండాదా సార్?"

"ఎవరిదో రత్తం కలిసిపోయినట్టుండాది," అన్నాడు విమల్ నేల చూస్తూ.

"రేపట్నించి కొళ్ళు రసం. సాయంత్రం చెరువుగట్టు. శుక్రవారం మెట్లు, దిగినాక బజ్జీ లేదు. మూడు నెలలు."

"సరింగ. మరి... రిపోర్ట్ వచ్చినాక చెప్తా అంటివే?"

అద్దాల బీరువా వెనక అంతమంది చూస్తుండగా సుందరి సిగ్గుపడలేదు. రిపోర్ట్ మడిచి అతని చొక్కా జేబులో పెట్టి, ఆ జేబు మీద ఒకసారి తట్టింది. "నువ్వు ఉమ్మమని చెప్పిన దినమే చెప్పేసింటాను, కోపంలో మరిచిపోతి. నాకు ఇష్టమే. కళ్యాణం కూడా మూడు నెలలకే. సంక్రాంతి పోయినాక, తై నెలలో."

"మూడు నెలలు!" అంది అవ్వ కుర్చీలోంచి. "ఇదీ వినాల్సిన మూడు నెలలు!"

పెరుమాళ్సామి లోపల్నుంచి వేడి మైసూర్ పాక్ పళ్ళెం తెచ్చాడు. సామికి పెట్టాక సుందరి ఒక ముక్క నాలుక మీద వేసుకుని, కళ్ళు మూసుకుని, పడిగ ఎత్తింది. "పాకం సరి. బీరువాలోకి పోనీ," అంది.

ఇంతలో విమల్ చెయ్యి పళ్ళెం వైపు పాకింది. ఆ చేతి మీద టక్కున ఒకటి పడింది.

"రుచి చూస్తా, అంతే," అన్నాడు విమల్. "రుచి చూస్తే తిన్నట్టు కాదు కదా?"

సుందరి నవ్వి, చిన్న ముక్క తుంచి స్వయంగా అతని నోట్లో పెట్టింది. పెట్టి, తాత పడిగను అతని గడ్డం కిందికి జరిపింది.

"మింగితివా, ముహూర్తం ఆడి నెలకు పోతుంది."

ఆడి అంటే ఆషాఢం, అందులో ముహూర్తాలే ఉండవని విమల్‌కి తెలుసు. బుగ్గలో నెయ్యి కరిగిపోతుండగా ఒకసారి పళ్ళెం వైపు, ఒకసారి సుందరి వైపు చూసి, బుద్ధిగా పడిగ మీదికి వంగాడు.